కంటి శస్త్రచికిత్సలు: గుంటూరు, ప్రకాశం పత్తి–మిరప ప్రాంతం

కంటిగుడ్డుకు, రెప్పలకు, కంటిని తిప్పే కండరాలకు, కన్నీటి దారులకు చేసే ఆపరేషన్లన్నీ కంటి శస్త్రచికిత్సల కిందికే వస్తాయి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప పండించే కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది శుక్లాల ఆపరేషన్. కార్నియా పుండ్లు, కంటిలో కండ పెరగడం, గ్లకోమా, మధుమేహంతో దెబ్బతిన్న రెటీనా, పిల్లల మెల్లకన్ను తదితరాలకు కూడా ఇక్కడివారు ఆపరేషన్లు చేయించుకుంటారు.

ఫలితాన్ని బట్టి ఈ ఆపరేషన్లు మూడు రకాలు. శుక్లాల ఆపరేషన్ లాంటివి తగ్గిన చూపును తిరిగి తెస్తాయి. గ్లకోమా ఆపరేషన్ లాంటివి మిగిలిన చూపును నిలబెడతాయి తప్ప పోయినదాన్ని తేలేవు. ముదిరిన కార్నియా పుండుకు, గాయపడిన కంటిగుడ్డుకు చేసేవి ముందు కన్నును దక్కించడానికి. చూపు సంగతి ఆ తర్వాత. ఎవరికి ఏది నప్పుతుందో తేల్చేవి కంటిలో చెడిన భాగం, జబ్బు మొదలై గడిచిన కాలం, ఆ మనిషి చేసే పని.

ప్రాంతం, పనులు, కళ్ళు

1904లో ఏర్పడిన గుంటూరు జిల్లా నుంచి, పొరుగు జిల్లాల నుంచి తీసిన భాగాలతో 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో పల్నాడు, బాపట్ల కొత్త జిల్లాలయ్యాయి. జిల్లాల పేర్లు మారినా పనులు మారలేదు. ప్రత్తిపాడు, చిలకలూరిపేట, సత్తెనపల్లి, పర్చూరు, దర్శి వైపు పొలాల్లో పత్తి, మిరప ప్రధాన పంటలు. కోసి కల్లాల్లో ఎండబెట్టిన మిరపకాయలు గుంటూరు మిర్చి యార్డుకు, అక్కడి కోల్డ్ స్టోరేజీలకు చేరతాయి. కోత, కాయల గ్రేడింగ్, తొడిమలు తీయడం ఎక్కువగా మహిళా కూలీల పనులు.

కాయ కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే మంట, ఎరుపు, నీరు కారడం తప్పవు. దీనికి కారణం మిరపలోని క్యాప్సైసిన్. అది కంటిని మండిస్తుంది గానీ శుక్లాలు తెప్పించదు. ఎక్కువ నీళ్ళతో కడిగితే చాలావరకు ఉపశమనం వస్తుంది. ఆపరేషన్ అవసరం రాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. పత్తి కట్టె గీసుకున్నా, మిరప కొమ్మ గుచ్చుకున్నా, కుప్ప నూర్చేటప్పుడు నలుసు పడినా కార్నియా మీద చిన్న గీత పడుతుంది. మట్టిలో, ఎండుటాకుల మీద ఉండే బూజు ఆ గీతలో చేరి పుండు చేస్తుంది. పురుగుమందు పిచికారీ కంట్లో పడడం వేరే రకం హాని.

వ్యవసాయం కాక ఈ సీమలో కంటికి చేటు తెచ్చే పనులు ఇంకా ఉన్నాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో, మార్టూరు పాలిషింగ్ యూనిట్లలో రాతి రవ్వలు, ఉలి నుంచి విరిగిన ఇనుప ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. సున్నపు బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ళలో సున్నం కంట్లో పడే ముప్పు ఉంది. మంగళగిరి, చీరాల నేతకారులకు నలభై దాటాక చత్వారం వస్తే పోగు కనపడక పని నెమ్మదిస్తుంది. చత్వారానికి కావలసింది కళ్ళజోడే.

చరిత్ర

శుక్లాన్ని సూదితో లోపలికి తోసేసే పద్ధతిని సుశ్రుత సంహిత వర్ణించింది. వెలుతురు లోపలికి వెళ్ళినా లెన్స్ కంట్లోనే ఉండిపోవడంతో వాపు, ఒత్తిడి వచ్చి చాలా కళ్ళు తర్వాత పోయేవి. శుక్లాన్ని బయటికి తీసే పద్ధతిని 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ డావియెల్ చేపట్టారు. తీసిన చోట కృత్రిమ లెన్స్ పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీతో మొదలైంది. శబ్ద తరంగాలతో శుక్లాన్ని కరిగించి పీల్చే ఫేకో పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెల్మన్ 1967లో ప్రవేశపెట్టారు.

గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో పెద్ద కంటి వైద్యమంటే 1819లో మొదలైన మద్రాసు కంటి ఆసుపత్రే. ఎగ్మూరులోని ఆ ఆసుపత్రికి అధిపతిగా ఉన్న రాబర్ట్ హెన్రీ ఇలియట్ గ్లకోమాకు కొత్త ఆపరేషన్ రూపొందించి 20వ శతాబ్దం తొలి దశకంలో ప్రపంచానికి తెలియజేశారు. తెలుగునాట కంటి శిబిరాలను ఊరూరికి తీసుకెళ్ళినవారిలో ముఖ్యులు కర్నూలు జిల్లాకు చెందిన డాక్టర్ పెరుగు శివారెడ్డి. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేసిన ఆయనకు 1977లో పద్మభూషణ్ లభించింది.

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అక్కడ చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఢిల్లీ ఎయిమ్స్‌లో, అమెరికాలో శిక్షణ పొంది తిరిగివచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను నెలకొల్పారు. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆ సంస్థకు విజయవాడ శివారు తాడిగడపలో పెద్ద ఆసుపత్రి ఉంది. గుంటూరు–విజయవాడ దారిలో పెదకాకాని వద్ద శంకర కంటి ఆసుపత్రి ఉంది.

శుక్లాల ఆపరేషన్

కంటిలోని సహజ లెన్స్ మసకబారడమే శుక్లం. ఊళ్ళలో దీన్ని పొర కమ్మడం అంటారు. వయసు ప్రధాన కారణం. మధుమేహం, పొగతాగడం, స్టెరాయిడ్ మందులు, దెబ్బలు, ఎండలో ఏళ్ళ తరబడి పని దాన్ని ముందుకు జరుపుతాయి. దేశంలో 2015–19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రకారం 50 ఏళ్ళు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి శుక్లాలే కారణం. 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పది వేల మందికి పైగా పరీక్షించిన అధ్యయనంలో అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్ల, మరో 16 శాతం సరైన కళ్ళజోడు లేకపోవడం వల్ల అని తేలింది. అంటే చూపు పోయినవారిలో ఎక్కువమందికి చిన్న ఆపరేషనో, కళ్ళద్దాలో సరిపోయేవి.

చుక్కల మందుతో శుక్లం కరగదు. ఆపరేషన్ ఒక్కటే దారి. ఈ ప్రాంతంలో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

ఫేకోలో రెండు, మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి శుక్లాన్ని శబ్ద తరంగాలతో ముక్కలు చేసి పీల్చి, మడతపెట్టిన లెన్స్‌ను లోపల విప్పుతారు. దీన్ని లేజర్ ఆపరేషన్ అనుకునేవారు చాలామంది. మామూలు ఫేకోలో లేజర్ పని లేదు. మరీ గట్టిపడని శుక్లాలకు, త్వరగా పనిలోకి వెళ్ళాల్సినవారికి ఇది నప్పుతుంది.

రెండోది చిన్న కోత పద్ధతి, డాక్టర్ల మాటలో ఎస్ఐసీఎస్. ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఏటవాలు కోతలోంచి శుక్లాన్ని ఒక్క ముక్కగా తీస్తారు. కోత తనంతట తానే మూసుకుంటుంది కాబట్టి చాలామందికి కుట్లు పడవు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ముదిరి గోధుమ, నలుపు రంగుకు మారిన గట్టి శుక్లాలకు ఇదే మెరుగు. ఆలస్యంగా వచ్చే పల్లె రోగులకు డాక్టరు ఇది సూచిస్తే తక్కువ రకం వైద్యం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు.

లెన్స్ ఎంపికలో పని ముఖ్యం. ఒకే దూరానికి చూపునిచ్చే మోనోఫోకల్ లెన్స్ ఎక్కువమందికి సరిపోతుంది. రైతుకు, కూలీకి దూరపు చూపు సరిచేసి, చదవడానికి అద్దాలు ఇస్తారు. దగ్గర పనే జీవనమైన నేతకారుడు ఆ సంగతి ముందే చెబితే లెన్స్ పవర్‌ను దగ్గర చూపుకు లెక్కగట్టవచ్చు. కార్నియా వంపులో తేడా ఎక్కువగా ఉన్నవారికి టోరిక్ లెన్స్ ఉపయోగం. దూరానికి, దగ్గరకు కలిపి చూపునిచ్చే మల్టీఫోకల్ లెన్స్‌తో రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. రాత్రి లారీలు నడిపేవారికి, గ్లకోమా గానీ రెటీనా జబ్బు గానీ ఉన్నవారికి అది మంచి ఎంపిక కాదు. మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా 1992లో మొదలైన ఆరోల్యాబ్ దేశంలోనే చవకగా లెన్సులు తయారుచేయడంతో పేదలకూ లెన్స్ పెట్టడం సాధ్యమైంది.

శుక్లం పండాకే తీయించాలన్నది పాత కాలపు మాట. లెన్సులు లేని రోజుల్లో దానికి అర్థం ఉండేది. ఇప్పుడు చూపు మసకబారి పనికి అడ్డం వస్తుంటే అదే ఆపరేషన్‌కు తగిన సమయం. మరీ ముదిరిన శుక్లం ఉబ్బో, కారో కంట్లో ఒత్తిడి పెంచితే భరించలేని నొప్పితో చూపు శాశ్వతంగా పోవచ్చు. చలికాలంలోనే చేయించుకోవాలన్న నియమం కూడా లేదు. మిరప కోతలు అయ్యాక చేయిద్దామని వాయిదా వేసేవారు ఎక్కువ. కొన్ని వారాల ఆలస్యం చాలా శుక్లాలకు చేటు చేయదు. ఏటేటా వాయిదా వేయడమే చేటు.

ఆపరేషన్‌కు ముందు లెన్స్ పవర్ కొలత, కంటి ఒత్తిడి, బీపీ, చక్కెర చూస్తారు. కన్నీటి తిత్తిలో చీము ఉంటే ముందు దాన్ని నయం చేయాలి. లేకపోతే ఆ క్రిములు ఆపరేషన్ చేసిన కంట్లోకి చేరతాయి. రెటీనా, కంటి నరం దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా చూపు పూర్తిగా రాదు. కొందరికి నెలల తర్వాతో, ఏళ్ళ తర్వాతో లెన్స్ వెనక పొర మసకబారుతుంది. దాన్ని యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో సరిచేస్తారు.

కార్నియా పుండ్లు, కార్నియా మార్పిడి

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొర కార్నియా. దాని మీద పుండు మాని తెల్ల మచ్చ మిగిలితే పువ్వు వేసిందంటారు. ఈ పొలాల్లో ఎక్కువగా భయపడాల్సింది ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజుల వల్ల వచ్చే పుండ్లకు. మొదట నలుసు పడినట్టు గరగర, తర్వాత ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క వస్తాయి.

ఆకు పసరు, ఆముదం, చనుబాలు పోయడం, నలుసును నాలుకతో తీయించడం కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవి పుండులోకి కొత్త క్రిములను చేరుస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు ఇంకా ప్రమాదకరం. ఎరుపు తగ్గి నయమవుతున్నట్టు అనిపిస్తుంది. లోపల బూజు మాత్రం వేగంగా పెరుగుతుంది. సరైన పద్ధతిలో డాక్టరు పుండును కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూసి, బూజు అయితే నాటమైసిన్ వంటి చుక్కలు వేయిస్తారు. బూజు పుండు మానడానికి వారాలు పడుతుంది. ఎరుపు తగ్గిందని చుక్కలు మధ్యలో మానేస్తే పుండు తిరగబెడుతుంది.

మందులకు లొంగని పుండుకు, చిల్లు పడిన కార్నియాకు అత్యవసరంగా కార్నియా మార్పిడి చేస్తారు. ఇక్కడి లక్ష్యం కన్నును దక్కించడం. పుండు మాని మచ్చ మిగిలినవారికి చూపు కోసం చేసే మార్పిడి వేరు. కన్ను ప్రశాంతపడ్డాక దాన్ని తలపెడతారు. కార్నియా మొత్తం మచ్చపడితే పూర్తి మందం మార్పిడి, పైపొరల్లోనే మచ్చ ఉంటే లోపలి పొర ఉంచి పైభాగాన్ని మార్చే పద్ధతి, లోపలి పొర చెడి కార్నియా ఉబ్బితే ఆ పొర ఒక్కటే మార్చే పద్ధతి నప్పుతాయి. మార్పిడి తర్వాత ఏళ్ళ తరబడి చుక్కలు వేసుకోవాలి, పరీక్షలకు వెళ్ళాలి. ఎరుపు, నొప్పి, మసక వచ్చిన రోజే డాక్టరును కలవాలి. ఇలా వెళ్ళలేనివారికి, రెండో కన్ను బాగా ఉన్నవారికి డాక్టర్లు మార్పిడిని తొందరపడి సూచించరు.

ప్రపంచంలో సఫలమైన తొలి కార్నియా మార్పిడి 1905లో ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ చేశారు. మన దేశంలో తొలి నేత్ర బ్యాంకు 1945లో మద్రాసులో మొదలైంది. మరణించిన ఆరు గంటల్లోపు కళ్ళు సేకరించాలి. కళ్ళజోడు వాడినవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, మధుమేహం ఉన్నవారు కూడా దానం చేయవచ్చు. తీసేది ఎక్కువగా కార్నియాను, దాని చుట్టూ ఉండే కొద్ది భాగాన్నే కాబట్టి ముఖం వికారంగా మారదు.

సున్నం, యాసిడ్ పడిన కళ్ళలో కార్నియా అంచున ఉండే మూల కణాలు చస్తాయి. అప్పుడు కార్నియా ఒక్కటే మారిస్తే నిలవదు. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, తునకలుగా చేసి చెడిన కంటి మీద అతికించే స్లెట్ పద్ధతిని ఎల్వీ ప్రసాద్ సంస్థ వైద్యులు రూపొందించి 2012లో ప్రచురించారు. ఒక కన్నే కాలినవారికి ఇది నప్పుతుంది.

కంటిలో కండ

తెల్లగుడ్డు నుంచి, ఎక్కువగా ముక్కు వైపు నుంచి, నల్లగుడ్డు మీదికి పాకే కండను టెరీజియం అంటారు. ఎండ, దుమ్ము, గాలి దీనికి తోడ్పడతాయి. బయట పనిచేసే రైతులకు, కూలీలకు, జాలర్లకు ఎక్కువగా వస్తుంది. చిన్న కండకు ఆపరేషన్ అక్కర్లేదు. టోపీ, నల్లద్దాలు, ఎరుపు తగ్గించే చుక్కలు చాలు. కండ చూపుకు అడ్డం వచ్చేంత పాకినా, కార్నియాను లాగి కళ్ళజోడు నంబరు మార్చినా తీయాలి. ఊరకే కోసి వదిలేస్తే చాలామందికి మళ్ళీ వస్తుంది. అందుకే అదే కంటి పైభాగం నుంచి పలుచని పొర తీసి ఖాళీ చోట అతికిస్తారు. ఆపరేషన్ చేయబోయే డాక్టరును ఈ పొర వేస్తారా అని అడగడం మంచిది.

గ్లకోమా

నీటికాసులని కూడా పిలిచే గ్లకోమాలో కంటి ఒత్తిడి వల్ల కంటి నరం క్రమంగా చెడుతుంది. చూపు అంచుల నుంచి పోతుంది కాబట్టి చివరిదాకా తెలియదు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావారంతా నలభై దాటాక పరీక్ష చేయించుకోవాలి. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువకాలం వాడినవారికీ ఇది వస్తుంది.

మొదటి వైద్యం సాధారణంగా చుక్కలే. కంటిలో నీరు బయటికి పోయే కోణం మూసుకుపోయే రకానికి లేజర్‌తో చిన్న దారి పెడతారు. చుక్కలకు ఒత్తిడి తగ్గకపోతే, లేదా జీవితాంతం చుక్కలు కొని వేసుకునే స్థోమత లేకపోతే ట్రాబెక్యులెక్టమీ చేస్తారు. కన్నీటితో సంబంధంలేని లోపలి ద్రవం రెప్ప కిందికి చేరేలా దారి తీయడమే ఈ ఆపరేషన్. అది విఫలమైనవారికి సన్నని గొట్టం అమరుస్తారు. ఇవన్నీ ఉన్న చూపును కాపాడడానికే. ఆపరేషన్ తర్వాత చూపు పెరగలేదని నిరాశపడి పరీక్షలు మానేయడం పెద్ద పొరపాటు.

కొందరికి కోణం ఒక్కసారిగా మూసుకుపోయి కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు వస్తాయి. దాన్ని పైత్యమనుకొని ఒకటి రెండు రోజులు ఇంట్లో గడిపితే కన్ను పోవచ్చు.

రెటీనా ఆపరేషన్లు

మధుమేహం ఉన్నవారికి చూపు బాగున్నా రెటీనాలో రక్తనాళాలు చెడుతుండవచ్చు. ఏడాదికోసారి కనుపాప పెద్దది చేసి చూడాలి. రెటీనా మధ్యలో నీరు చేరి వాస్తే కంటి లోపల ఇంజెక్షన్లు, కొత్త నాళాలు పుట్టే దశలో లేజర్ ఎక్కువగా నప్పుతాయి. లోపల రక్తం కారి ఆరకపోతే, పొరలు రెటీనాను లాగుతుంటే విట్రెక్టమీ చేస్తారు. కంటి తెల్లభాగంలో సూది మొనంత రంధ్రాలు పెట్టి లోపలి జిగురును తీసి రెటీనాను సరిచేయడం దీని పద్ధతి. రాబర్ట్ మాకెమర్ 1970 ప్రాంతంలో దీనికి దారి తీశారు.

మెరుపులు, నల్ల చుక్కలు ఉన్నట్టుండి పెరిగి పక్క నుంచి తెర కమ్మినట్టయితే రెటీనా విడిపోతోందని అర్థం. కొందరికి, ముఖ్యంగా యువకులకు, కంటి బయట సిలికాన్ పట్టీ వేయడం సరిపోవచ్చు; మరికొందరికి విట్రెక్టమీ చేసి గ్యాస్ గానీ సిలికాన్ ఆయిల్ గానీ నింపుతారు. డాక్టరు చెప్పిన భంగిమలో, తరచు బోర్లా, కొన్ని రోజులు పడుకోవాలి. గ్యాస్ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. ఆయిల్ నింపితే తర్వాత తీయించడం మరవకూడదు.

సుత్తి, ఉలితో పనిచేస్తుండగా కంట్లో ఏదో తగిలిందని వచ్చినవారికి ఎక్స్‌రే లేదా సీటీ తీస్తారు. ఇనుప ముక్క లోపల ఉండే అవకాశముంటే ఎంఆర్ఐ తీయకూడదు. ఆ ముక్క అలాగే ఉంటే చీము పట్టవచ్చు, తుప్పు రెటీనాను చెరపవచ్చు.

పిల్లల కళ్ళు

మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకంతో వైద్యం చేయించకపోవడం వల్ల చాలామంది పిల్లలకు ఒక కంటి చూపు మందగిస్తుంది. మొదట కళ్ళజోడు, మంచి కంటికి పట్టీ ప్రయత్నిస్తారు. తర్వాత కంటి కండరాలను జరిపే ఆపరేషన్ చేస్తారు. చిన్నతనంలో చేస్తే రెండు కళ్ళూ కలిసి పనిచేసే అవకాశం ఎక్కువ. పెద్దయ్యాక చేయించుకున్నా కళ్ళు సరిగా అమరుతాయి. మందగించిన చూపు మాత్రం సాధారణంగా రాదు.

పుట్టుకతో దట్టమైన శుక్లాలు ఉంటే తొలి కొన్ని వారాల్లోనే తీయాలి. బిడ్డ కనుపాప తెల్లగా మెరిస్తే శుక్లమో, రెటీనాకు వచ్చే క్యాన్సరో కావచ్చు. అదే వారం డాక్టరుకు చూపించాలి. 34 వారాలకు ముందు పుట్టిన, లేదా రెండు కిలోల లోపు బరువున్న బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. అవసరమైతే లేజర్‌తో అంధత్వాన్ని ఆపవచ్చు.

కన్నీటి దారి, రెప్పలు

కన్ను ఎప్పుడూ కారుతూ, ముక్కు పక్కన నొక్కితే చీము వస్తుంటే కన్నీటి దారి మూసుకుపోయినట్టు. పెద్దలకు డీసీఆర్ అనే ఆపరేషన్‌తో తిత్తి నుంచి ముక్కులోకి కొత్త దారి పెడతారు. పసిపిల్లల్లో మాలిష్‌తోనే ఎక్కువమందికి తెరుచుకుంటుంది. ఏడాది దాటినా తగ్గకపోతే సన్నని కడ్డీతో దారి తెరుస్తారు. రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు కార్నియాను గీస్తున్నా, రెప్ప వాలి కనుపాపను కప్పుతున్నా ఆపరేషన్ అవసరం. పిల్లల్లో వాలిన రెప్పను ఆలస్యం చేస్తే ఆ కన్ను మందగిస్తుంది.

కళ్ళజోడు వదిలించే ఆపరేషన్లు

లాసిక్, స్మైల్, పీఆర్‌కే అనేవి లేజర్‌తో కార్నియా వంపును మార్చే పద్ధతులు. 18 ఏళ్ళు నిండి, కనీసం ఏడాదిగా నంబరు మారనివారికి, కార్నియా తగినంత మందంగా ఉన్నవారికి నప్పుతాయి. గర్భిణులకు, బిడ్డకు పాలిస్తున్నవారికి, తీవ్రంగా కళ్ళు పొడిబారేవారికి, కార్నియా శంకువులా సాగే కెరటోకోనస్ ఉన్నవారికి నప్పవు. కెరటోకోనస్ పెరుగుతుంటే విటమిన్ చుక్కలు, అతినీలలోహిత కిరణాలతో కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చేస్తారు. నంబరు మరీ ఎక్కువైనా, కార్నియా పలుచగా ఉన్నా సహజ లెన్స్ ముందు అదనపు లెన్స్ పెట్టే ఐసీఎల్ కొందరికి కుదురుతుంది. ఇవి అవసరంకన్నా సౌకర్యం కోసం చేసేవి. పోలీసు, సైన్యం, రైల్వే ఉద్యోగాలకు ప్రయత్నించే యువకులు నోటిఫికేషన్‌లోని కంటి నియమాలు చదివాకే డబ్బు కట్టాలి. కొన్ని ఉద్యోగాలకు లాసిక్ చేయించుకున్నవారిని తీసుకోరు.

ఎక్కడ, ఎంత ఖర్చుతో

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. దాని కింద ప్రభుత్వ, స్వచ్ఛంద ఆసుపత్రుల్లో పేదలకు శుక్లాల ఆపరేషన్ ఉచితం. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి వెలుగు పేరుతో బడిపిల్లల నుంచి మొదలుపెట్టి కంటి పరీక్షలు చేపట్టింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో కొన్ని కంటి ఆపరేషన్లు ఉన్నాయి. తమ జబ్బు అందులో ఉందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని పథకం సహాయకులను అడిగితే చెబుతారు.

ఈ ప్రాంతంవారికి గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్, పెదకాకాని శంకర, తాడిగడప ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. ఇప్పటి శిబిరాల్లో ఊళ్ళో పరీక్ష మాత్రమే చేసి, అవసరమైనవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళి అక్కడి థియేటర్‌లోనే ఆపరేషన్ చేస్తారు. బడి గదుల్లో బల్లలు వేసి ఆపరేషన్లు చేసే పాత పద్ధతికి ఒప్పుకోకూడదు.

ఆపరేషన్ తర్వాత పొలం పని

శుక్లాల ఆపరేషన్ మరునాడే వంట, నడక, టీవీ పెట్టుకోవచ్చు. కంట్లో నీళ్ళు పడకుండా రెండు వారాలు జాగ్రత్తపడాలి. దుమ్ము లేచే నూర్పిడి, బస్తాలు మోయడం, పిచికారీ వంటి పనులకు మూడు, నాలుగు వారాలు దూరంగా ఉండాలి. కచ్చితమైన గడువు డాక్టరు చెబుతారు. చుక్కలు నెల, నెలన్నర వేయాలి. మిరపకాయల ఘాటు నూనెలో కరిగేది కాబట్టి ఉత్త నీళ్ళతో చేతుల నుంచి పోదు. చుక్కలు వేసే ఇల్లాలు లేదా కోడలు కాయలు ఒలిచి వచ్చి ఉంటే సబ్బుతో రెండు మూడుసార్లు చేతులు కడుక్కోవాలి. కార్నియా మార్పిడి, గ్లకోమా ఆపరేషన్లు అయినవారు కంటికి దెబ్బ తగలకుండా కొమ్మలు, పశువుల కొమ్ముల దగ్గర ఎప్పటికీ రక్షణ కళ్ళజోడు వాడాలి.

ఏ ఆపరేషన్ తర్వాతైనా నొప్పి పెరగడం, చూపు తగ్గడం, చీము, విపరీతమైన ఎరుపు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. కంట్లో సున్నం, పురుగుమందు పడితే ఎక్కడున్నా అందుబాటులో ఉన్న శుభ్రమైన నీళ్ళతో కనీసం పావుగంట కడిగి, ఆ తర్వాతే బయలుదేరాలి. కంటిగుడ్డు చీరుకుంటే మాత్రం కడగకూడదు, నొక్కకూడదు, చుక్కలు వేయకూడదు. గట్టి కప్పు అడ్డం పెట్టి, ఏమీ తినకుండా ఆసుపత్రికి చేరాలి. శుక్లానికి కొన్ని వారాలు ఆగవచ్చు. పుండుకు, గాయానికి, విడిపోతున్న రెటీనాకు మాత్రం మిరప కోతలు, వాయిదాలు అడ్డు రాకూడదు. వాటికి గంటలే లెక్క.